మానసిక స్వస్థత: దినచర్యలో దాని పోషణ

కష్టం వచ్చినప్పుడు తట్టుకోగలగడం, చేతనైన పని చేసుకోగలగడం, కొత్త సంగతులు నేర్చుకోగలగడం, నలుగురిలో ఒకరిగా మెలగగలగడం. ఇవన్నీ కుదిరే స్థితిని మానసిక స్వస్థత అంటారు. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం ఆరోగ్యాన్ని నిర్వచించేటప్పుడు శరీరంతో పాటు మనసునూ సంఘజీవనాన్నీ కలిపే చెప్పింది. దుఃఖం, కోపం, భయం అసలు రాకూడదని దీని అర్థం కాదు. తండ్రి పోతే ఏడవడం, పరీక్ష ముందు గుండె దడదడలాడడం, పంట నీట మునిగితే కంటి మీద కునుకు రాకపోవడం ఆరోగ్యంగా ఉన్న మనసుకూ జరిగేవే. వాటిలోంచి కొంత కాలానికి మళ్ళీ మామూలు జీవితంలోకి రాగలుగుతున్నామా అన్నదే చూడాలి.

2019 నాటికి ప్రపంచంలో సుమారు 97 కోట్ల మంది, అంటే ప్రతి 8 మందిలో ఒకరు, ఏదో ఒక మానసిక రుగ్మతతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక రుగ్మత ఉన్నట్టు తేల్చింది. చికిత్స అందనివారు రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. చికిత్సలో ఇంత లోటును వైద్యులొక్కరే పూడ్చలేరు. మనిషి తనకు తాను, ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు చేసుకోగల సంరక్షణకు అందుకే ఇంత ప్రాముఖ్యం.

ఈ రంగంలో గత యాభై ఏళ్ళ పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. మనసును నేరుగా మార్చుకోవాలని పట్టుబట్టడం కష్టం. రోజును మార్చుకోవడం అంతకంటే తేలిక. లేచే వేళ, ఎండ తగిలే సమయం, చేతిలో పని, మాట్లాడే మనిషి, వీటిని సరిచేస్తే మనసు వాటి వెంట నడుస్తుంది. "ధైర్యంగా ఉండు", "ఎక్కువ ఆలోచించకు" అని ఇంట్లో పెద్దలు ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ మాట వినగానే ఆచరించడానికి చేతికి ఏమీ అందదు. రేపు పొద్దున ఆరింటికి లేచి వీధి చివరిదాకా నడిచి రమ్మంటే అందుతుంది.

నేపథ్యం

మనసు కుదురుగా ఉండాలంటే రోజుకొక క్రమం కావాలన్నది పాత ఆలోచనే. సుమారు 7వ శతాబ్దానికి చెందిన వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానంలో రెండో అధ్యాయాన్ని దినచర్యకే కేటాయించాడు. తెల్లవారుజామున లేవడం, నూనె మర్దన, వ్యాయామం, స్నానంతో పాటు ఇతరులతో ఎలా మాట్లాడాలి, ఎలా మెలగాలి అన్నదీ అందులో ఉంది. ఒంటి శుభ్రతనూ మాట తీరునూ ఒకే అధ్యాయంలో చెప్పడం గమనించదగ్గ విషయం. అందులోని ప్రతి సూచననూ నేటి శాస్త్రం సమర్థిస్తుందని చెప్పలేం. రోజుకు క్రమం అవసరమన్న మూల ఆలోచనకు మాత్రం ఇప్పుడు గట్టి ఆధారాలున్నాయి.

భారత ప్రభుత్వం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్నీ 1996లో దాని జిల్లా విభాగాన్నీ మొదలుపెట్టింది. బ్రిటన్‌లో 2008లో న్యూ ఎకనమిక్స్ ఫౌండేషన్ అన్న సంస్థ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను వడకట్టి ఐదు సూచనలు చేసింది: మనుషులతో కలవడం, ఒళ్ళు కదిలించడం, చుట్టూ ఉన్నదాన్ని గమనించడం, నేర్చుకుంటూ ఉండడం, ఇతరులకు చేతనైనంత చేయడం. తర్వాత వచ్చిన ఎన్నో ప్రచార పుస్తకాలు దీని ఒరవడిలోనే సాగాయి. గుర్తుంచుకోవడానికి బాగుంటుంది గానీ, నిద్ర ప్రస్తావన లేకపోవడం ఆ జాబితాలో పెద్ద లోపం.

నిద్ర, వెలుగు, వేళలు

దిగులు, ఆందోళన నిద్రను పాడుచేస్తాయని అందరికీ తెలుసు. నిద్ర పాడైతే దిగులు, ఆందోళన మొదలవడం, ఉన్నవి ముదరడం కూడా అంతే నిజం. దారి రెండు వైపులా ఉంది కాబట్టి ఒక కొసను సరిచేస్తే రెండో కొసకూ మేలు జరుగుతుంది. మన చేతిలో ఎక్కువగా ఉన్న కొస నిద్రే.

నిద్రను రెండు శక్తులు నడుపుతాయని జూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనా నేటికీ ఈ శాస్త్రానికి పునాది. మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పెరిగే నిద్రావసరం మొదటిది. మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకోవడం దీనికి ఒక ముఖ్య కారణం. కాఫీ, టీలలోని కెఫీన్ ఆ అడెనోసిన్‌ను తొలగించదు. దాని సంకేతం మెదడు కణాలకు అందకుండా కాసేపు అడ్డుపడుతుంది, చెత్త ఊడ్చకుండా పైన చాప పరచినట్టు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీ రాత్రి పదకొండింటికి ఇంకా సగం మిగిలే ఉంటుంది. నిద్ర పట్టనివాళ్ళు మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేసి రెండు వారాలు చూడడం ఖర్చు లేని మొదటి ప్రయత్నం.

రెండో శక్తి శరీర గడియారం. మెదడు అడుగుభాగంలో, కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన ఉండే కణాల గుంపు దీన్ని నడుపుతుంది. పొద్దున కంట పడే వెలుగును బట్టి అది రోజూ తన వేళను సరిచేసుకుంటుంది. ఇంట్లో లైటు వెలుగు సాధారణంగా కొన్ని వందల లక్సులు దాటదు. ఆరుబయట పొద్దెక్కిన తర్వాత అది 10,000 లక్సులు దాటడం మామూలు. కాబట్టి లేచిన గంటలోపు డాబా మీదో వాకిట్లోనో అరగంట గడపడం, అది మొక్కలకు నీళ్ళు పోస్తూ అయినా, పేపరు చదువుతూ అయినా, గదిలో కూర్చుని చేసే ఎన్నో ఉపాయాలకంటే మేలు. రోజూ ఒకే వేళకు లేవడం మరీ ముఖ్యం. రాత్రి ఆలస్యంగా పడుకున్నా, ఆదివారమైనా లేచే వేళ మారకుండా చూసుకుంటే పడుకునే వేళ మెల్లగా దానంతటదే కుదురుతుంది. చాలామంది పడుకునే వేళతో పోరాడతారు. పట్టు దొరికేది లేచే వేళ దగ్గర.

నిద్రలేమికి ప్రవర్తన చికిత్సను అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో వివరించాడు. పక్కను నిద్రకే ఉంచాలి. ఇరవై నిమిషాలు దాటినా నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి. కళ్ళు మూతలు పడుతున్నప్పుడే మళ్ళీ పక్క మీదికి రావాలి. మెలకువతో దొర్లడం, కలవరపడడం అలవాటైన పక్క మనసుకు అదే నేర్పుతుందన్నది దీని వెనుక తర్కం. ఒకే గది ఉన్న ఇంట్లో ఇది ఎలా కుదురుతుందన్న ప్రశ్న న్యాయమైనది. పగలు పక్క చుట్టి పక్కన పెట్టడం, మంచం మీద కూర్చుని ఫోను చూడకపోవడం, రాత్రి లేచినప్పుడు గోడవారగా కుర్చీలో కూర్చోవడం, ఇంతమాత్రం చేసినా ఆ సూత్రం పనిచేస్తుంది.

పెద్దవాళ్ళకు కనీసం 7 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ సూచన. ఈ అంకెలను మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల టైంటేబుల్ పక్కన పెట్టి చూడాలి. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, తెల్లవారక ముందే మళ్ళీ గంట. ఎదిగే పిల్లల నిద్రలోంచి రోజుకు రెండు మూడు గంటలు కోసి ర్యాంకుల కోసం ఖర్చుచేయడం చదువుకూ మేలు చేయదు, ఎందుకంటే పగలు నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడడానికి నిద్ర కావాలి. ఈ విషయంలో తల్లిదండ్రులు గట్టిగా అడగాలి.

హైదరాబాదులో అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ ఉద్యోగులది మరో సమస్య. షిఫ్టు ఎలాగూ తప్పనప్పుడు, వారం వారం మారే షిఫ్టుకంటే కొన్ని నెలలు ఒకే షిఫ్టు మేలు. పగటి నిద్రకు మందపాటి కర్టెన్లు, కాలింగ్ బెల్లు ఆపడం, ఆ వేళ ఫోను చేయొద్దని బంధువులకు చెప్పడం చిన్న విషయాలేమీ కావు. మద్యం తాగితే నిద్ర పడుతుందన్నది సగం నిజం: త్వరగా పడుతుంది, రాత్రి రెండో సగంలో చెదిరిపోతుంది, మర్నాడు పొద్దున ఆందోళన పెరుగుతుంది.

నిద్రే కాదు, భోజనం వేళ, పనికి బయలుదేరే వేళ, మొదట పలకరించే మనిషి కూడా శరీర గడియారాన్ని నిలబెట్టే మేకులే. పరిశోధకులు ఎహ్లర్స్, ఫ్రాంక్, కుప్ఫర్ 1988లో ఈ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. ఉద్యోగం పోవడం, పదవీ విరమణ, భార్యో భర్తో చనిపోవడం లాంటివి మనిషిని కుంగదీయడానికి దుఃఖంతో పాటు ఈ వేళలన్నీ ఒక్కసారి ఊడిపోవడం కూడా కారణమని వాళ్ళ వాదన. రిటైరైన తండ్రి రోజూ అదే వేళకు తయారై గ్రంథాలయానికి వెళ్ళి వస్తుంటే ఇంట్లోవాళ్ళు వారించకూడదు.

పని ముందు, ఉత్సాహం తర్వాత

దిగులు పట్టినవాళ్ళు పనులు మానుకుంటారు. స్నేహితుడి ఫోను ఎత్తరు, బజారుకు వెళ్ళరు, పాటలు వినరు. మానుకున్న ప్రతి పనితో పాటు అది ఇచ్చే చిన్న సంతోషమో, "ఇది చేశాను" అన్న తృప్తో పోతుంది. అవి పోయేకొద్దీ దిగులు పెరుగుతుంది, దిగులు పెరిగేకొద్దీ మరిన్ని పనులు మానుకుంటారు. అమెరికాలో పీటర్ లెవిన్‌సన్ 1970లలో ఈ వలయాన్ని విశదీకరించాడు. 1996లో నీల్ జేకబ్సన్ బృందం జరిపిన అధ్యయనంలో, చికిత్సలో ఆలోచనలను సరిచేసే భాగం లేకుండా పనులను తిరిగి మొదలుపెట్టించే భాగం ఒక్కటే చేయించినా, పూర్తి చికిత్సతో పోలిస్తే కుంగుబాటు తగ్గడంలో పెద్ద తేడా కనబడలేదు.

ఈ పద్ధతికి అన్నిటికంటే మనకు దగ్గరైన నిదర్శనం గోవాలో ఉంది. 1996లో మొదలైన సంగత్ అనే సంస్థ, మనోవైద్యుడు విక్రమ్ పటేల్ నాయకత్వంలో, మానసిక వైద్యంలో ముందస్తు శిక్షణ లేని మామూలు మనుషులకు ఈ పద్ధతి నేర్పింది. వాళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవారిలో తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారితో 6 నుంచి 8 సార్లు కూర్చుని మాట్లాడారు. 495 మందిపై జరిగి 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో, ఈ సాయం అందినవారిలో 64 శాతం మంది 3 నెలలకు కోలుకున్నారు; అందనివారిలో కోలుకున్నది 39 శాతం. వాళ్ళకు నేర్పింది గొప్ప తత్వం కాదు. ఆగిపోయిన పనులను చిన్న ముక్కలుగా చేసి వేళ పెట్టుకుని చేయడం, ఎదురైన సమస్యను విడదీసి చూడడం.

ఇంట్లో చేసుకునే తీరు ఇది. ఒక వారంపాటు నోటుపుస్తకంలో గంట గంటకూ ఏం చేశారో రాసుకుని, పక్కన మనసు ఎలా ఉందో 0 నుంచి 10 లోపు ఒక అంకె వేయాలి. వారం చివర చూస్తే ఏ పని తర్వాత అంకె కాస్త పెరిగిందో, దేని తర్వాత పడిపోయిందో కనబడుతుంది. చాలామందిలో పడిపోయిన చోట్ల ఒంటరిగా మంచం మీద ఫోను ఉంటుంది. పెరిగిన చోట్ల ఎంతో చిన్న సంగతులు ఉంటాయి. చెల్లెలితో మాట్లాడడం, పెరట్లో కలుపు తీయడం, పూలు కట్టడం, గుడి మెట్ల మీద కాసేపు కూర్చోవడం, బండి తుడవడం. తర్వాతి వారానికి అలాంటివి రెండు మూడు ఎంచుకుని రోజు, గంట రాసుకోవాలి. అసలు కీలకం ఇక్కడుంది: ఆ వేళ వచ్చినప్పుడు మనసుకు ఇష్టంగా ఉందా లేదా అని అడగకుండా చేయాలి. ఉత్సాహం వచ్చాక చేద్దామంటే అది రాదు, పని మొదలయ్యాక వస్తుంది. మొదటి కొన్ని రోజులు అప్పుడూ రాదు, అయినా ఆపకూడదు.

ముక్క ఎంత చిన్నదైనా ఫరవాలేదు. ఇల్లంతా సర్దాలంటే కాళ్ళు కదలనివాళ్ళు ఒక అలమర అరను సర్దవచ్చు. గంట నడవలేనివాళ్ళు వీధి మలుపుదాకా వెళ్ళి రావచ్చు. సంతోషమిచ్చే పనులతో పాటు, వాయిదా పడి మనసును తొలిచే పనుల్లో ఒకటైనా ఉండాలి: కట్టాల్సిన కరెంటు బిల్లు, రాయాల్సిన అర్జీ, వెళ్ళాల్సిన బ్యాంకు.

ఒళ్ళు కదిలించే పని వీటన్నిటిలో ప్రత్యేకం. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్లూమెంథాల్ బృందం 1999లో 50 ఏళ్ళు పైబడిన 156 మంది కుంగుబాటు రోగులను మూడు గుంపులు చేసింది. వ్యాయామం, మందు, రెండూ కలిపి. 16 వారాల తర్వాత మూడు గుంపుల్లోనూ మెరుగుదల దాదాపు సమానంగా ఉంది. మొదట్లో మందు త్వరగా పనిచేసింది. వైద్యుడు రాసిన మందు మానేసి నడక మొదలుపెట్టమని దీని అర్థం కాదు. నడకకు ఉన్న బలం ఇంత అని మాత్రమే. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని 2020 ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అది నడకైనా, సైకిలైనా, కోలాటమైనా ఒకటే. అంతకంటే తక్కువైనా అసలు చేయకపోవడంకంటే మంచిది. మే నెల ఎండల్లో పొద్దున ఏడు దాటకముందే ముగించాలి.

ఆలోచనల సుడి

ఒకే ఆలోచన మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉండడం, "నాకే ఎందుకిలా", "ఆరోజు అలా అనకుండా ఉండాల్సింది", కుంగుబాటును పొడిగించే బలమైన కారణాల్లో ఒకటని సూసన్ నోలెన్ హొక్సెమా పరిశోధనలు చూపించాయి. 1989లో కాలిఫోర్నియాలో వచ్చిన లోమా ప్రియెటా భూకంపానికి ముందే ఆమె కొంతమంది విద్యార్థుల ఆలోచనా ధోరణిని నమోదు చేసి ఉంది. అలా తలపోసే అలవాటున్నవారిలో భూకంపం తర్వాత కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. సమస్యను పరిష్కరించే ఆలోచనకూ ఈ సుడికీ తేడా గుర్తుపట్టడానికి ఒక ప్రశ్న చాలు: ఈ పావుగంట ఆలోచన చివర చేయవలసిన పని ఒకటైనా తేలిందా? తేలకపోతే లేచి చేతులకు పని చెప్పాలి.

ఆలోచించొద్దని మనసును ఆదేశిస్తే అది వినదు. వేళ మార్చమంటే కొంత వింటుంది. పెన్సిల్వేనియాలో థామస్ బోర్కోవెక్ 1983లో పరీక్షించిన పద్ధతి ఇది: రోజూ ఒకే చోట, ఒకే వేళకు, అరగంట బెంగపడడానికే కేటాయించాలి. మిగతా సమయంలో బెంగ వచ్చినప్పుడు ఒక ముక్క కాగితం మీద రాసి ఆ వేళకు వాయిదా వేయాలి. ఆ వేళ పడుకునే సమయానికి దగ్గరగా ఉండకూడదు. చాలామందికి ఆ వేళ వచ్చేసరికి కాగితం మీది సగం బెంగలకు పదును తగ్గి ఉంటుంది.

రాయడం మరో దారి. మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నిబేకర్ 1986లో కాలేజీ విద్యార్థుల చేత, తమను బాధించిన ఘటన గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున 4 రోజులు రాయించాడు. రాసినవెంటనే వాళ్ళు మరింత నొచ్చుకున్నారు, తర్వాతి నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్ళడం తగ్గింది. ఆ తర్వాత వచ్చిన వందకు పైగా అధ్యయనాలను కలిపి చూస్తే ప్రయోజనం ఉంది గానీ చిన్నది. గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఒంటరిగా ఇలా తవ్వుకోవడం మంచిది కాదు.

శ్వాస సంగతి మన వాళ్ళకు కొత్త కాదు. ఇటలీకి చెందిన లూచానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిన్‌లో చెప్పించారు, బౌద్ధ మంత్రాన్నీ జపింపజేశారు. రెండిటిలోనూ శ్వాస నిమిషానికి 6 సార్లకు నెమ్మదించింది, గుండె లయ, రక్తపోటు క్రమబద్ధం అయ్యాయి. నిమిషానికి ఆరు అంటే సుమారు 4 సెకన్లు తీసుకోవడం, 6 సెకన్లు వదలడం. విష్ణుసహస్రనామం చదివేవారికీ, తస్బీహ్ తిప్పేవారికీ, ఏ నమ్మకమూ లేకుండా గడియారం చూసుకుంటూ చేసేవారికీ ఇది అందుబాటులోదే. 1979లో అమెరికాలో జాన్ కబట్ జిన్ శిక్షణగా మలిచిన ధ్యాన పద్ధతి ఇప్పుడు ఆసుపత్రుల్లోనూ వాడుకలో ఉంది. కొందరికి కళ్ళు మూసుకుని కూర్చుంటే గాభరా పెరుగుతుంది. వాళ్ళు కళ్ళు తెరిచి నడుస్తూ, పాదం నేలను తాకడం మీద దృష్టి పెడితే సరిపోతుంది. అదీ సరిపడకపోతే ధ్యానం తప్పనిసరేమీ కాదు.

మనుషులు

జూలియన్ హోల్ట్ లన్‌స్టాడ్ బృందం 2010లో 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి లెక్కగట్టింది. బలమైన అనుబంధాలున్నవారు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం, లేనివారికంటే 50 శాతం ఎక్కువ. ఆయుష్షు విషయంలోనే ఇంత తేడా ఉంటే మనసు గురించి వేరే చెప్పాలా.

జింబాబ్వే రాజధాని హరారేలో మనోవైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో మొదలుపెట్టిన ప్రయోగం ఈ విషయంలో ఎంతో నేర్పుతుంది. దేశం మొత్తానికి మనోవైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆయన ఆరోగ్య కార్యకర్తలైన నాయనమ్మల వయసు ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి క్లినిక్ ఆవరణలో చెట్టు కింద చెక్కబల్ల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళ గోడు వినడం, అనేక కష్టాల్లోంచి ఒకదాన్ని ఎంచుకోనివ్వడం, దానికి తాము చేయగల మొదటి పని ఏదో వాళ్ళ చేతే చెప్పించడం. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం, మామూలు క్లినిక్ సేవలకంటే ఈ బల్ల వల్ల కుంగుబాటు చాలా ఎక్కువగా తగ్గిందని చూపించింది.

ఆ బల్ల మన దగ్గర వేరే రూపాల్లో ఉంది. వారం వారం పొదుపు లెక్కలకు కూర్చునే డ్వాక్రా సంఘం, రచ్చబండ, అపార్టుమెంటు కింద సాయంత్రపు బెంచీ, చర్చి ముగిశాక ఆవరణలో సాగే కబుర్లు. కొరవడుతున్నది వినే తీరు. ఎదుటివాళ్ళు చెప్పడం మొదలుపెట్టగానే సలహా ఇవ్వడం, "మా బాధతో పోలిస్తే నీదెంత" అనడం, "అంతా మన మంచికే" అనడం చెప్పే నోరును మూయిస్తాయి. "ఎప్పటి నుంచి ఇలా ఉంది వదినా?", "అప్పుడు నువ్వేం చేశావురా?" అని అడిగి ఊరుకుంటే చాలు.

చావు జరిగిన ఇంట్లో పెద్దకర్మ దాకా జనం నిండుగా ఉంటారు. వంట, మాట, రాత్రి తోడు, అన్నీ దొరుకుతాయి. ఆచారం చేసే గొప్ప మేలు అది. బంధువులంతా వెళ్ళిపోయిన మూడో వారం నుంచే అసలైన ఒంటరితనం మొదలవుతుంది. ఆ నెలలో వెళ్ళి అరగంట కూర్చునేవాళ్ళు తక్కువ, అవసరం మాత్రం అప్పుడే ఎక్కువ.

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన మగవాళ్ళు, కడప, కోనసీమల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు, అప్పు చేసి అమెరికాలో ఎంఎస్ చదివే పిల్లలు, వీళ్ళందరూ ఇంటికి ఫోన్ చేసినప్పుడు "బాగున్నాను" అనే అంటారు. పంపిన డబ్బు, వచ్చిన మార్కుల ప్రస్తావన లేకుండా కూడా వారానికొకసారి మాట్లాడుకోవడం, వేళ తేడాను లెక్కచూసుకుని ఆ వేళను మార్చకుండా ఉంచుకోవడం రెండు వైపులా నిలబెట్టుకోదగ్గ అలవాటు.

తీరిక ఎవరికి ఉంది

ఇంతవరకూ చెప్పినవన్నీ సమయం ఉన్నవాళ్ళకే సాధ్యం. భారత ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల మీద ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు గడిపేవారు. అదీ ఇంటి పని చేసే మగవాళ్ళ సగటు. ఆ పని అసలు చేయనివాళ్ళు ఈ లెక్కలోకే రారు. పొద్దున అయిదింటికి లేచి టిఫిను, క్యారేజీలు కట్టి, తనూ ఉద్యోగానికి వెళ్ళి వచ్చి, రాత్రి గిన్నెలు తోమి పడుకునే ఇల్లాలికి "రోజూ అరగంట నీకోసం కేటాయించుకో" అని చెప్పడం ఆమె పనుల జాబితాకు మరొకటి చేర్చడమే. ఆమె అరగంట నడవాలంటే ఆ అరగంట వంటింట్లో మరొకరు ఉండాలి. భర్త పప్పు పోపు పెట్టడం, కొడుకు బట్టలు మడతపెట్టడం ఆ ఇంటి మానసిక ఆరోగ్యానికి సంబంధించిన చర్యలే. ఈ విషయం సలహాల పుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది.

అలాగే అప్పు, కౌలు, ఇంట్లో కొట్టే మనిషి, వేధించే అధికారి. వీటిని శ్వాసతో, డైరీతో తట్టుకోమనడం అన్యాయం. దెబ్బలు తినే స్త్రీకి కావలసింది భద్రత, చట్టం, వెళ్ళడానికి ఒక చోటు. వడ్డీ కింద నలిగే రైతుకు కావలసింది అప్పు పరిష్కారం. దినచర్య ఆ పోరాటానికి కాస్త ఓపిక ఇస్తుంది, దానికి బదులు కాదు.

తిండి, మత్తు, ఫోను

2017లో ఆస్ట్రేలియాలో 67 మంది కుంగుబాటు రోగులపై జరిగిన చిన్న అధ్యయనంలో, కూరగాయలు, పప్పులు, పండ్లు, చేపలు పెంచి తీపి, వేపుడు తగ్గించినవారిలో 32 శాతం మంది 12 వారాలకు కోలుకున్నారు. రెండో గుంపులో 8 శాతం. చిన్న అధ్యయనం కాబట్టి ఆశకు ఎంత తావుందో అంతవరకే తీసుకోవాలి. అంతకంటే ఖాయమైన సంగతి: థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 లోపం అచ్చం దిగులులాగే కనిపించవచ్చు. నెలల తరబడి నీరసం, మతిమరుపు, ఏ పనిమీదా మనసు లేకపోవడం ఉంటే, ముఖ్యంగా శాకాహారులు, రక్తపరీక్ష చేయించుకోవాలి.

2018లో అమెరికాలో కొందరి ఫేస్‌బుక్ ఖాతాలను 4 వారాలు ఆపించి చూశారు. రోజుకు సగటున గంట మిగిలింది, మనసు కాస్త తేలికపడింది, రాజకీయ వార్తల పరిజ్ఞానం తగ్గింది. ఫోను పూర్తిగా మానడంకంటే దాన్ని పడకగదికి బయట చార్జింగ్ పెట్టడం ఎక్కువమందికి సాధ్యమయ్యే మార్పు.

ఎప్పుడు సాయం తీసుకోవాలి

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండి, దానితో పాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత మారిపోతే అది ఇంటి ఉపాయాలతో సర్దుకునే దశ దాటింది. ఎవరూ లేకుండా మాటలు వినబడడం, విపరీతమైన అనుమానం, నిద్ర లేకపోయినా అలసట తెలియని హుషారు, ప్రసవం తర్వాత తల్లిలో ఉన్నట్టుండి వచ్చే మార్పు, వీటికి రెండు వారాలు కూడా ఆగకూడదు. కుంగుబాటు మందులు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. నయమైందని సొంతంగా హఠాత్తుగా ఆపేస్తే తల తిరగడం, గాభరా, జబ్బు తిరగబెట్టడం జరగవచ్చు. ఆపాలన్నా వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించాలి.

జిల్లా ఆసుపత్రుల్లోనూ బోధనాసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరును సినిమాల్లోనూ మాటల్లోనూ ఎగతాళికి వాడే అలవాటు ఎంతోమందిని ఆ గుమ్మం తొక్కకుండా ఆపింది. అక్కడ రోజూ మామూలు ఓపీ చీటీతో వచ్చి మందులు తీసుకుని ఇంటికి, పనికి వెళ్ళేవారే ఎక్కువ.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు 24 గంటలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడే మనిషే కాదు, వాళ్ళ గురించి కలవరపడే ఇంట్లోవాళ్ళు కూడా చేయవచ్చు.

చనిపోవాలన్న మాట ఎవరి నోటైనా వస్తే, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి జంకకూడదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. మొదటిసారి చెప్పుకునే వీలు కలుగుతుంది. ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో ఎక్కువసేపు ఉండదు. ఆ సమయంలో మనిషిని ఒంటరిగా వదలకపోవడం, చేతికి ప్రమాదకరమైనవి అందకుండా చూడడం ప్రాణం నిలుపుతాయి. శ్రీలంక అతి విషపూరితమైన పురుగుమందులను వరుసగా నిషేధించాక, 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో అక్కడి ఆత్మహత్యల రేటు సగానికి పైగా తగ్గింది. మన పల్లెల్లో పురుగుమందు డబ్బా ఇంట్లో, మంచం కిందో అటక మీదో ఉంటుంది. దాన్ని తాళం వేసిన పెట్టెలోకి, వీలైతే ఇంటికి దూరంగా మార్చి, తాళంచెవి మరొకరి దగ్గర ఉంచాలి. ఇంటర్ ఫలితాలు వచ్చే వారంలో, పంట పోయిన నెలలో ఇది మరీ అవసరం.

2018లో అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదనీ చెబుతోంది. కేసు అవుతుందన్న భయంతో అలాంటి మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వెనకాడవలసిన పని లేదు. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తింపజేయాలని అదే చట్టం బీమా సంస్థలను ఆదేశిస్తోంది. పాలసీ తీసుకునేటప్పుడు ఈ విషయం అడిగి రాతపూర్వకంగా చూసుకోవాలి.